రంగస్థల పద్యం – విడిగానం: పశ్చిమ ప్రకాశం నేపథ్యంలో ఒక పరిశీలన

ప్రవేశిక

తెలుగు పద్యనాటక చరిత్రను మనం ఇంతవరకు ఎక్కువగా నాటకకర్తల చరిత్రగా, కొంతమేరకు నటుల చరిత్రగా, నాటక సమాజాల చరిత్రగా రాసుకున్నాం. ఈ మూడింటిలోనూ ఒదగని ప్రదర్శనరూపం ఒకటుంది. నాటకం లేకుండా, వేషం లేకుండా, ఒక గాయకుడు ఒక హార్మోనిస్టును పక్కన పెట్టుకొని వివిధ నాటకాల పద్యాలను, పాటలను వరుసగా పాడే రూపం అది. తిరునాళ్ళ వేదికపైన, సన్మానసభలో, గ్రామఫోను రికార్డులో, ఆకాశవాణి ప్రసారంలో ఇది మనకు చిరపరిచితమే. అయినా దీనికి స్థిరమైన పేరు లేదు. కొందరు పద్యకచేరీ అంటారు, కొందరు పద్యగానం అంటారు. ఈ వ్యాసంలో 'విడిగానం' అనే మాటను వాడుతున్నాను.

విడిగానాన్ని నాటకం నుంచి రాలిపడిన ముక్కగా, పద్యనాటకపు క్షీణదశకు గుర్తుగా చూడడం పరిపాటి. ఈ అభిప్రాయాన్ని పునఃపరిశీలించడమే ఈ వ్యాసం లక్ష్యం. విడిగానం నాటకం తరువాత పుట్టినది కాదు, నాటకంలోనే మొదటినుంచీ అంతర్లీనంగా ఉన్నది. అచ్చుపుస్తకంలో లేని రచన అందులో ఉంది. ఆ రచనకు కర్తలు ఇద్దరు: గాయకుడు, హార్మోనిస్టు. ఈ అంశాలను నిరూపించడానికి పాశ్చాత్య ఒపేరాలోని సమాంతర పరిణామాన్ని తులనాత్మకంగా గ్రహించి, బేస్తవారిపేట, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాన్ని నేపథ్యంగా తీసుకొంటున్నాను.

1. ఒపేరా నుంచి రిసైటల్‌కు

ఒపేరా ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో 16వ శతాబ్ది చివర రూపుదిద్దుకొంది. ప్రాచీన గ్రీకు విషాదాంత నాటకాలలో సంభాషణ గానరూపంలో ఉండేదని నమ్మిన పండితులు ఆ పద్ధతిని పునరుద్ధరించబోయి ఒక కొత్త ప్రక్రియను సృష్టించారు. మాంటెవెర్డి 'ఓర్ఫియో' 1607లో ప్రదర్శితమైంది. క్రమంగా ఒపేరాలో రెండు అంగాలు స్పష్టంగా వేరుపడ్డాయి. కథను నడిపేది రెసిటటివ్, కథ ఆగి పాత్ర మనసు విప్పేచోట వచ్చే పూర్తిస్థాయి గానం ఏరియా. మన పద్యనాటకంలో వచనానికీ పద్యానికీ ఉన్న సంబంధం దాదాపు ఇటువంటిదే. వచనం కథను ముందుకు నెడుతుంది, పద్యం దానిని నిలబెడుతుంది.

నిలబెట్టినది నిలబెట్టినచోటే ఉండదు. ప్రేక్షకుడు దానిని ఇంటికి పట్టుకుపోతాడు. ఏరియాలు ఒపేరా శాలలనుంచి గృహాలకు, సభలకు చేరాయి. వాద్యబృందం స్థానంలో పియానో వచ్చింది. 1840లో ఫ్రాంజ్ లిస్ట్ లండన్‌లో ఇచ్చిన పియానో ప్రదర్శనలకు 'రిసైటల్' అనే పేరు వాడారు. తరువాతి కాలంలో ఒక గాయని, ఒక పియానో వాద్యకారుడు కలిసి కొన్ని ఏరియాలను, కొన్ని విడి పాటలను ఒక సాయంకాలానికి కూర్చి వినిపించే సభకు కూడా ఆ మాట స్థిరపడింది. ఇటువంటి సభలో హెచ్చుస్థాయి స్త్రీకంఠమైన సొప్రానోకు విశేషాదరణ ఉంది. అక్కడ గాయనికి వేషం లేదు, దృశ్యం లేదు, ఎదుటి పాత్ర లేదు. ఒక పాటలో రాణి, తరువాతి పాటలో పల్లెపడుచు. ఆ మార్పును కంఠమూ పియానో కలిసి సాధించాలి.

ఇంతవరకు పోలిక సరిపోతుంది. భేదం ఇంతకంటె ముఖ్యమైనది. ఒపేరాలో సంగీతకర్త ప్రతి స్వరాన్నీ కాగితంపై పెట్టి వెళతాడు. గాయని ఎంత గొప్పదైనా ఆ రచనకు వ్యాఖ్యాత్రి మాత్రమే. తెలుగు నాటకకవి పద్యం రాశాడు, వరస కట్టలేదు. కొన్ని ప్రతుల్లో రాగం పేరు కనిపించినా అది సూచన మాత్రమే. పద్యానికి సంగీతకర్త నటుడే. కాబట్టి ఏరియా కాగితం మీద పూర్తిగా ఉంటే, రంగస్థల పద్యం కాగితం మీద సగమే ఉంది. రెండో సగం ఎక్కడుంది, ఎవరి దగ్గరుంది అన్నదే మన ప్రశ్న.

2. బేస్తవారిపేట: రెండు సంప్రదాయాల నడుమ

పద్యనాటక చరిత్రను సాధారణంగా రెండు కేంద్రాలనుంచి చెబుతాం. ఒకటి బళ్ళారి. ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912), కోలాచలం శ్రీనివాసరావు (1854–1919) అక్కడివారు. తెలుగు నాటకంలో పాటకు, పద్యగానానికి ప్రాధాన్యం కల్పించినవారిగా ధర్మవరం వారికి ప్రత్యేకస్థానం ఉంది. రెండోది కోస్తా. 1880లో కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో విద్యార్థులతో నాటకాలాడించడం మొదలుకొని గుంటూరు, తెనాలి, మైలవరం సమాజాలదాకా సాగిన పరంపర అది. వీటికి తోడు కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో మొదలై ఊరూరా తిరిగిన సురభి కుటుంబాల నాటకం ఉంది. స్త్రీపాత్రలను స్త్రీలే ధరించే సంప్రదాయాన్ని తెలుగునాట పాదుకొల్పినది సురభి.

ఈ కేంద్రాలను పటంలో గుర్తిస్తే పశ్చిమ ప్రకాశం వాటి నడుమ పడుతుంది. ఈ ప్రాంతం 1970లో కొత్త జిల్లా ఏర్పడేవరకు కర్నూలు జిల్లాలో ఉండేది. పాలనాపరంగా రాయలసీమ, రాకపోకల పరంగా పల్నాటికి పొరుగు. గుంటకల్లునుంచి నంద్యాల, గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్డు, దొనకొండ, వినుకొండల మీదుగా గుంటూరు చేరే రైలుమార్గం నల్లమలను దాటి ఈ నేలను చీల్చుకొని పోతుంది. ఆ మార్గానికి ఒక కొసన బళ్ళారి అందుబాటులో ఉంటే మరో కొసన తెనాలి ఉంది. నైరుతి దిక్కున కడప సీమ.

కంభం పక్కనే ఉన్న బేస్తవారిపేట పేరులోనే బేస్తవారం ఉంది. పేట అంటే సంత కూడే చోటు. సంత, తిరునాళ్ళు, రైలు ఉన్నచోటికి నాటకం వస్తుంది. శాశ్వత రంగశాలలు లేని ఇటువంటి సీమలో పందిరివేదికే రంగశాల. ఇక్కడి ప్రేక్షకునికి ఈ ప్రక్రియ కొత్త కూడా కాదు. వీధినాటకం, తోలుబొమ్మలాట, నల్లమల అంచున చెంచు నాటకం అతనికి ముందే అలవాటు. కథ తెలిసే వస్తాడు. ఏమి జరుగుతుందన్న ఉత్కంఠ అతనికి లేదు, ఎలా పాడతారన్న ఉత్కంఠే ఉంది. విడిగానానికి మూలబీజం ఈ శ్రోతృధర్మంలోనే ఉందని నా ప్రతిపాదన. కేంద్రాలలో పుట్టిన నాటకం నడిమి నేలకు వచ్చేసరికి గ్రంథంగా కాక పద్యాల మాలగా స్వీకృతమైంది. కర్తృత్వ చరిత్రలో అంచున ఉన్న ప్రాంతం శ్రవణ చరిత్రలో కేంద్రానికి వస్తుంది.

3. 'వన్స్ మోర్' చెప్పే చరిత్ర

విడిగానం నాటకంలోనే అంతర్లీనంగా ఉందనడానికి మొదటి సాక్ష్యం 'వన్స్ మోర్'. ప్రేక్షకుడు ఈ కేక వేసిన క్షణంలో నాటకం ఆగుతుంది. రాయబారానికి వచ్చిన కృష్ణుడు కౌరవసభకు చెప్పిన మాటనే మళ్ళీ చెబుతాడు. కథాతర్కం ప్రకారం ఇది అసంగతం. అయితే ఆ క్షణంలో వేదికపై ఉన్నది కృష్ణుడు కాదు, గాయకుడు. అంటే పద్యం నాటకంనుంచి విడిపోయింది, వేషం మాత్రం అలాగే ఉంది.

ఇది తెలుగువారికే పరిమితమైన విడ్డూరం కాదు. 1786లో మొజార్ట్ 'ఫిగారో వివాహం' వియన్నాలో ప్రదర్శితమైనప్పుడు శ్రోతలు పదేపదే తిరిగి పాడించుకోగా ప్రదర్శన బాగా పొడవైంది. చక్రవర్తి రెండవ జోసెఫ్ ఒకరికి మించి గాయకులు పాడే భాగాలను మళ్ళీ పాడరాదని ఆదేశించాడు. ఆ ఆజ్ఞ ఏకగానాన్ని మినహాయించడం గమనార్హం. ఒక్కరు పాడేదానికి కథను ఆపే హక్కు ఉందని రాజశాసనమే పరోక్షంగా అంగీకరించింది.

రెండో సాక్ష్యం ఒకే రాత్రి ఒకే పాత్రను పలువురు ధరించే ఆచారం. తిరుపతి వేంకట కవుల 'పాండవోద్యోగ విజయములు' ప్రదర్శనలో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు అంటూ రంగానికొక గాయకుణ్ణి దింపడం కాంట్రాక్టు నాటకాల కాలంలో సర్వసాధారణమైంది. పాత్ర ఏకత్వం దెబ్బతింటున్నదని ప్రేక్షకులు ఆక్షేపించలేదు. ఏ కృష్ణుని కంఠం ఎలా ఉందో పోల్చుకోవడానికే వచ్చారు. వేషాలు తీసేస్తే మిగిలేది పద్యకచేరీయే.

మూడో సాక్ష్యం యంత్రం. 78 వేగపు పది అంగుళాల రికార్డు ఒక పక్కన సుమారు మూడు నిమిషాలే పలుకుతుంది. రంగం మొత్తం అందులో పట్టదు, ఒక పద్యం దాని రాగవిస్తారంతో సరిగ్గా పడుతుంది. గ్రామఫోను విడిగానాన్ని పుట్టించలేదు. ముందే విడివడి ఉన్న పద్యానికి భౌతికరూపం ఇచ్చింది, రాగం ఎంత సేపు సాగదీయవచ్చో హద్దు కూడా పెట్టింది.

4. పద్యాల వలస

18వ శతాబ్ది ఇటలీ గాయకులు తమకు పేరు తెచ్చిన ఏరియాలను వెంట తీసుకుపోయి, ఏ ఊళ్ళో ఏ ఒపేరా పాడుతున్నా సందర్భం కల్పించుకొని వాటిని చొప్పించేవారు. వాటికి 'పెట్టె ఏరియాలు' అనే అర్థం వచ్చే పేరే ఉంది. రోసీని 'సెవిల్ మంగలి'లో సంగీతపాఠం జరిగే రంగంలో కర్త రాసిన గానాన్ని పక్కన పెట్టి గాయనులు తమకిష్టమైన పాటలు పాడడం 19వ శతాబ్దిలో పెద్ద సంప్రదాయమైంది.

ఇటువంటి వలసకు తెలుగులో అత్యుత్తమ నిదర్శనం 'సత్యహరిశ్చంద్ర' కాటిసీను. నాటకకర్త బలిజేపల్లి లక్ష్మీకాంతం (1881–1953). ప్రదర్శనలో మాత్రం హరిశ్చంద్ర పాత్రధారులు గుర్రం జాషువా (1895–1971) శ్మశానాన్ని గూర్చి రాసిన ఖండకావ్య పద్యాలను అక్కడ పాడతారు. నాటకం కోసం రాయని ఆ పద్యాలే ఆ రంగానికి ప్రాణమయ్యాయి. ప్రేక్షకులలో అనేకులకు అవి వేరొక కవివన్న ఎరుక కూడా లేదు. సాహిత్య చరిత్రలో ఈ సంఘటనకు లోతైన అర్థం ఉంది. జాషువా జన్మస్థలమైన వినుకొండ ఇంతకు ముందు చెప్పిన రైలుమార్గం మీదిదే. కులం కారణంగా సాహిత్యసభల్లో అవమానాలు ఎదుర్కొన్న కవి పద్యం, ఊరి నడుమ వేదికపై, కాటికాపరి వేషంలో ఉన్న రాజు నోట, మరణం ముందు అందరూ సమానులేనన్న సత్యాన్ని చెప్పింది. దీనిని సాధించినవాడు విమర్శకుడు కాడు, సంకలనకర్త కాడు. పద్యాన్ని ఒక గ్రంథంనుంచి విడదీసి మరో గ్రంథంలో నిలిపిన గాయకనటుడు. విడిగానమనే ప్రవృత్తి లేకుంటే ఈ చేరిక జరిగేది కాదు.

రెండో నిదర్శనం స్థానం నరసింహారావు (1902–1971). స్త్రీపాత్రధారణలో అసమానుడైన ఆయన 1956లో పద్మశ్రీ అందుకొన్నారు. ముత్తరాజు సుబ్బారావు 'శ్రీకృష్ణతులాభారం'లో సత్యభామగా ఆయన పాడిన 'మీరజాలగలడా' అనే పాట నాటకకర్తది కాదు, స్థానం వారు స్వయంగా రచించుకొన్నది. 1966 నాటి చలనచిత్రం దానిని స్వీకరించింది. నాటకం చదవనివారికి, చూడనివారికి కూడా ఈ పాట తెలుసు. రచన, వరస, గానం మూడింటికీ నటుడే కర్త అయిన ఈ సందర్భంలో మూలప్రతి ఏది? అచ్చుప్రతి ఒక్కటే మూలమంటే ఆ నాటకంలో అత్యంత ప్రసిద్ధమైన భాగం ప్రక్షిప్తం అవుతుంది. ప్రదర్శనపాఠాన్ని కూడా పాఠంగా అంగీకరిస్తే అది మూలంలో అంతర్భాగమవుతుంది. కావ్య పరిష్కరణలో పాఠాంతరాలను అంత శ్రద్ధగా గుర్తించే మన సంప్రదాయం నాటక పాఠాంతరాల విషయంలో ఎందుకు మౌనం వహించిందో ఆలోచించాలి.

5. గాయకుడు – హార్మోనిస్టు

పియానో, హార్మోనియం రెండూ ఐరోపా మెట్లవాద్యాలే. 1840ల నాటికి పారిస్‌లో రూపొందిన హార్మోనియం కలకత్తాలో చేతి తిత్తి పెట్టెగా మారి భారతీయమైంది. తెలుగు నాటకరంగంలో కాలితో తొక్కే హార్మోనియం విశేషంగా ప్రచారం పొందింది. తిత్తి పని కాళ్ళకు అప్పగించడంవల్ల రెండు చేతులూ మెట్లకు దొరుకుతాయి. మైకు లేని రోజుల్లో పందిరి చివరిదాకా వినబడాలంటే కంఠానికి హెచ్చు శ్రుతి, వాద్యానికి గట్టి నాదం అవసరమయ్యాయి. కచేరీ విద్వాంసునికంటె రంగస్థల గాయకుడు చాలా హెచ్చు శ్రుతిలో పాడడానికి కారణం అభిరుచి మాత్రమే కాదు, ఆరుబయటి వేదిక. తరువాత మైకు వచ్చినా ఆ శ్రుతి దిగలేదు. అవసరం లక్షణంగా స్థిరపడింది.

ఇక పద్యనిర్మాణానికీ హార్మోనియానికీ ఉన్న సంబంధం చూద్దాం. ఉత్పలమాలలో పదో అక్షరం, చంపకమాలలో పదకొండోది, శార్దూలంలో పదమూడోది, మత్తేభంలో పద్నాలుగోది యతిస్థానాలు. సంస్కృతంలో యతి విరామం. తెలుగులో అది అక్షరమైత్రి, అక్కడ ఆగవలసిన పని లేదు. పాదాంతంలో కూడా మాట తెగకుండా తరువాతి పాదంలోకి సాగిపోవడం తెలుగు పద్యంలో సహజం. అందువల్ల ఎక్కడ ఊపిరి తీయాలో ఛందస్సు చెప్పదు, అన్వయం చెబుతుంది. గాయకుడు అన్వయాన్నిబట్టి విరుస్తాడు. ఆ విరుపులో ఏర్పడే ఖాళీని హార్మోనిస్టు నింపుతాడు. సంబోధన దగ్గర ఒక స్వరం పట్టి వదిలితే చాలు. క్రియ రాకముందు వాక్యం ఆగినచోట స్వరం ముగింపుకు రాకూడదు, వినేవారిలో అపేక్ష నిలిచి ఉండాలి. నాలుగో పాదం చివర రాగవిస్తారం వచ్చినప్పుడు గాయకుడు వెళ్ళినంత దూరం వెళ్ళి, అతడు దిగే వేళకు ముందే కింద స్వరం సిద్ధంగా ఉంచాలి. తాళం లేని గానం కనుక లెక్కపెట్టుకొని అనుసరించే వీలు లేదు. పద్యం అర్థం తెలియని హార్మోనిస్టు ఈ పని చేయలేడు. అతడు వాద్యకారుడే కాక పద్య వ్యాఖ్యాత కూడా.

సీసపద్యంలో ఈ జంటపని మరింత స్పష్టం. ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలతో సాగే దీర్ఘపాదం రెండు భాగాలుగా విరిగి, నాలుగు పాదాలకు ఎనిమిది ఖండాలు ఏర్పడతాయి. తరువాత తేటగీతి గాని ఆటవెలది గాని ఎత్తుగీతిగా వస్తుంది. ఖండం తరువాత ఖండం ఒకే తూగులో రావడంవల్ల విసుగు పుట్టే ప్రమాదం ఉంది. దానిని దాటడానికి గాయకులు పాదానికొక రాగం మార్చడం, ఎత్తుగీతిలో మొదటి రాగానికి తిరిగి రావడం కద్దు. ఒక రాగంనుంచి మరో రాగానికి దారి వేసేది హార్మోనియమే. గాయకుడు నోరు విప్పకముందే శ్రోత చెవికి కొత్త రాగం అందుతుంది.

హార్మోనియానికి పరిమితి కూడా ఉంది. దాని స్వరాలు స్థిరం, గమకం పలకదు. ఈ కారణాన్ని ప్రధానంగా చూపి ఆకాశవాణి 1940లో సంగీత ప్రసారాలనుంచి దానిని బహిష్కరించింది, 1971లో పాక్షికంగా సడలించింది. శాస్త్రీయ సంగీత దృష్టితో ఆ ఆక్షేపణ కాదనలేనిది. పద్యగానంలో మాత్రం ఈ లోపమే ఒక పని విభజనకు దారితీసింది. గమకం కంఠానిది, ఆధారస్వరం పెట్టెది. గాయకుడు రెండు మెట్ల నడుమ జారుతూ ఉంటే హార్మోనిస్టు ఆ రెండు కొసలను పట్టుకొని ఉంటాడు.

పాశ్చాత్య దేశాల్లో కూడా సహవాద్యకారుడు చిరకాలం నీడలోనే ఉన్నాడు. జెరాల్డ్ మూర్ (1899–1987) అనే పియానో విద్వాంసుడు 1962లో వెలువరించిన స్వీయకథకు 'నేను మరీ గట్టిగా వాయిస్తున్నానా?' అనే అర్థం వచ్చే శీర్షిక పెట్టాడు. సహవాద్యకారుని స్థితిపై అదొక చమత్కారం. ఆయన వంటివారి కృషివల్ల రిసైటల్‌ను ఇద్దరి కళగా గుర్తించడం అక్కడ అలవాటైంది. మన ఊళ్ళ నాటక కరపత్రాలలో హార్మోనిస్టు పేరు నటుల పేర్ల సరసనే అచ్చవుతుంది. సాహిత్య చరిత్రలలో ఆ పేరుకు చోటు దొరకదు. కరపత్రానికున్న న్యాయబుద్ధి గ్రంథానికి లేకపోవడం శోచనీయం.

6. ఆక్షేపణలు – సమాధానాలు

విడిగాన ప్రవృత్తిని తీవ్రంగా వ్యతిరేకించినవారు సామాన్యులు కారు. బళ్ళారి రాఘవ (1880–1946) నటనకు, వాచికానికి అగ్రస్థానమిచ్చి, రాగాలాపన నాటకాన్ని మింగేస్తున్నదని భావించారు. నాటకం నాటకంగా ఉండాలన్న దృష్టితో ఆయన వాదం సమంజసమే. చనిపోయిన కొడుకు ముందు తల్లి పది నిమిషాలు రాగం తీస్తే కరుణ పలచబడుతుంది.

అయితే ఈ వాదాన్ని విడిగానానికి వర్తింపజేయలేము. అక్కడ నాటకమే లేదు కనుక నాటకానికి భంగం లేదు. అంతేకాక విడిగానం గాయకునిపై మరొక బాధ్యత మోపుతుంది. వేషం, తెర, ఎదుటి పాత్ర ఇచ్చే సాయం ఉండదు. దుర్యోధనుని అహంకారంనుంచి హరిశ్చంద్రుని నిర్వేదానికి రెండు నిమిషాల వ్యవధిలో మారాలి. ఆ రెండు నిమిషాలూ హార్మోనియం చేతిలో ఉంటాయి. సామర్థ్యం లేనివాని గొంతులో ఇది రాగప్రదర్శనగా దిగజారుతుందన్నది నిజమే. ప్రతిభలేని ప్రదర్శన ఏ ప్రక్రియకైనా ప్రమాణం కాజాలదు.

కథాసందర్భం తెలియనివారికి విడిపద్యం అర్థం కాదనేది మరో ఆక్షేపణ. బేస్తవారిపేట వంటి చోట్ల ఒకప్పటి శ్రోతకు ఈ ప్రశ్నే లేదు, కథ అతని ఇంట్లోది. నేటి యువశ్రోత విషయంలో ఈ ఆక్షేపణకు బలముంది. పద్యానికి ముందు నాలుగు మాటల్లో సందర్భం చెప్పే అలవాటు వేదికలపై ఉన్నదే. దానిని ప్రక్రియలో భాగంగా గౌరవించాలి.

ముగింపు

పై పరిశీలనవల్ల తేలిన అంశాలు ఇవి. విడిగానం పద్యనాటకపు శిథిలరూపం కాదు. 'వన్స్ మోర్', బహుకృష్ణుల ఆచారం, పద్యాల వలస అది నాటకంలోనే ఇమిడి ఉన్నదని చూపుతున్నాయి. ఏరియాకు భిన్నంగా తెలుగు పద్యానికి సంగీతరూపం గాయకుని వద్దనే పుట్టింది కనుక, గాయకునితో పాటు అది పోయే ప్రమాదం కూడా ఎక్కువ. హార్మోనిస్టు ఆ రూపానికి సహకర్త. కేంద్రాలకు దూరంగా ఉన్న పశ్చిమ ప్రకాశం వంటి సీమలను ఈ ప్రక్రియ శ్రవణ చరిత్రకు ఆకరాలుగా గుర్తించాలి.

దీనినుంచి మన శాఖలు చేపట్టవలసిన పని స్పష్టమవుతున్నది. నాటకాలను పునర్ముద్రించేటప్పుడు ప్రదర్శనలో చేరిన పద్యాలను, పాటలను కర్తృనామాలతో అనుబంధంగా ఇవ్వాలి. విడిగానాన్ని రికార్డు చేసినప్పుడు పద్యపాఠంతోపాటు శ్రుతి, రాగం, విరుపులు ఎక్కడ పడ్డాయి, హార్మోనియం ఎక్కడ ఒంటరిగా పలికింది అన్న వివరాలు నమోదు చేయాలి. వరస ఎవరినుంచి నేర్చుకొన్నారో గాయకుణ్ణి అడిగినట్లే హార్మోనిస్టునూ అడిగి రాయాలి. తాళపత్రాన్ని చెదలు తినకముందే నకలు తీసుకోవాలని మన పూర్వ పరిశోధకులు ఊరూరా తిరిగారు. ఈ రెండో పాఠం ఉన్నది వృద్ధుల గొంతుల్లో, వేళ్ళకొసల్లో. దానికి నకలు తీయడానికి మనకు ఉన్న వ్యవధి తాళపత్రం ఇచ్చిన వ్యవధికంటె చాలా తక్కువ.